రాబిగ్ రేవు - మన బొమ్మల కొలువు

రాబిగ్ అనగానే నేడు మనకు స్ఫురించేది చమురు శుద్ధి కర్మాగారం. యాత్రికులకు మాత్రం ఇది ఏనాటిదో మజిలీ. ఈజిప్టు, సిరియా దిక్కులనుండి మక్కాకు పోయేవారు ఇక్కడ ఇహ్రాం ధరిస్తారు. ఈ చిన్న రేవు 1916లో లోకం దృష్టిలో పడింది. ఆ ఘట్టాన్ని సైనిక బొమ్మలతో కూర్చదలచి మేము వేసుకున్న ప్రణాళికను మన కుటుంబాలవారి ముందుంచుతున్నాము.

1916 జూన్‌లో మక్కాలో షరీఫ్ హుసేన్ టర్కీ ప్రభుత్వంపై తిరుగుబాటు చేశాడు. మదీనా మాత్రం టర్కీ సేనాని ఫఖ్రీ పాషా చేతిలోనే ఉంది. అతని సేన మక్కాపైకి రావాలంటే రాబిగ్ బావులే ఆధారం. షరీఫ్ కుమారుడు అలీ ఇక్కడ విడిది చేశాడు. ఈజిప్టు సైనికులు వచ్చారు. నవంబరులో బ్రిటిష్‌వారి 14వ స్క్వాడ్రన్ విమానాలు కొన్ని దిగాయి. ఒక బ్రిగేడు సేనను పంపాలా వద్దా అని పెద్ద వాదమే జరిగింది, చివరకు పంపలేదు. 1917 జనవరిలో ఫైసల్ అనుచరులు ఉత్తరాన వెజ్ రేవును పట్టుకోగా, టర్కీ సేన మదీనాకు వెనుదిరిగింది. రాబిగ్‌లో మహాయుద్ధమేదీ జరగలేదు.

మరి బొమ్మలతో ఏమి చూపాలి? ఎదురుచూపునే చూపాలని నిశ్చయించుకున్నాము. కొలత 72వ వంతు. అప్పుడు మనిషి రెండున్నర సెంటీమీటర్లకు కాస్త తక్కువ, బి.ఇ.2 విమానం రెక్కల వెడల్పు సుమారు 16 సెంటీమీటర్లు. 90 సెంటీమీటర్ల పొడవు, 60 సెంటీమీటర్ల వెడల్పు గల పలకపై పట్టేది 65 మీటర్ల పొడవు, 43 మీటర్ల వెడల్పు నేల మాత్రమే. కనుక ఊరంతా కుదరదు. ఒక బావి, ఒక విమానం, రెండు గుడారాలు, నాలుగు ఒంటెలు చాలు. బావిని నడిమధ్యన కాక కొంచెం పక్కకు పెట్టాలి. విమానాన్ని పలక అంచుకు ఏటవాలుగా నిలపాలి. నీరు తోడేవారు తప్ప తక్కినవారంతా మదీనా వైపు కొండలను చూడాలి. మూడోవంతు ఇసుకను ఖాళీగా వదిలితేనే ఎదురుచూపు కంటికి కనబడుతుంది. నేల తయారీకి కొండపల్లివారి మక్కు ఉన్నదే: చింతగింజల పొడి, రంపపుపొట్టు కలిపి మెత్తి, ఆరకముందే ఇసుక చల్లాలి.

ఇక మన హైదరాబాదు లాన్సర్ల సంగతి. బల్లెం పట్టిన ఆ రౌతును ఈ బావి దగ్గర నిలిపితే పిల్లలు ఎంతో మురిసిపోతారు. కాని ఆ దళం ఇక్కడికి రాలేదు. ఆ రోజులలో వారు ఎర్రసముద్రానికి ఉత్తరపు కొసన సూయజ్ కాలువ రక్షణలో ఉన్నారు. దీనికి దారి మన కొలువే చూపింది. కొలువులో ఒక్కొక్క మెట్టుది ఒక్కొక్క లోకం. పై మెట్టున సూయజ్, అక్కడ హైదరాబాదు రౌతు. నడిమి మెట్టున రాబిగ్. క్రింది మెట్టున హైదరాబాదు, మైసూరు, జోధ్‌పూర్ లాన్సర్ల స్మారకంగా 1922లో ఢిల్లీలో వెలసిన మూడు విగ్రహాలు. ప్రతి మెట్టుకూ ఊరు, సంవత్సరం వ్రాసిన చీటీ.

కొలువు చూడవచ్చిన చిన్నారి “మనవాళ్ళు ఎక్కడ?” అని అడిగితే, ఉన్నచోటనే చూపగలగాలి. లేనిచోట నిలిపిన బొమ్మ ఎంత అందంగా ఉన్నా, ఆ బిడ్డ పెద్దయి చరిత్ర చదివిన నాడు మన మాటపై నమ్మకం పోతుంది. దూరదేశంలో పెరిగే పిల్లలకు పూర్వుల సంగతి చెప్పేది మన మాటే గదా!