షరాబు గుర్తు, ప్లాస్టిక్ పెట్టె

నాణేలు సేకరించేవారిని లోకం ఎలాగో భరిస్తుంది. నాణేన్ని దాచిన పెట్టెను సేకరించేవారిని చూస్తే మాత్రం నవ్వుతుంది. అమెరికాలో అటువంటివారు కొందరున్నారు. వారిని చూసి నవ్వలేకపోవడానికి నాకు కారణం హైదరాబాదు రూపాయి.

ముందు ఆ పెట్టె సంగతి. నాణెం ఎంత అరిగిందన్న విషయంలో అమ్మేవాడికీ కొనేవాడికీ ఏనాడూ పొసగదు. ఈ తగవు తీర్చడానికి 1986లో పీసీజీఎస్, 1987లో ఎన్‌జీసీ అనే సంస్థలు అక్కడ పని మొదలుపెట్టాయి. విలియం షెల్డన్ 1949లో పాత రాగి సెంట్ల కోసం కట్టిన కొలమానాన్ని ఆధారం చేసుకుని, 1 నుంచి 70 లోపు ఒక అంకె వేసి, నాణేన్ని గట్టి ప్లాస్టిక్ పెట్టెలో బిగించి ఇస్తాయి. దానిని స్లాబు అంటారు. (మనకు స్లాబంటే ఇంటి పైకప్పే!) పీసీజీఎస్ వారి తొలి పెట్టెలను ఊపితే లోపలి నాణెం గలగలమనేది. అందుకే సేకర్తలు వాటిని ‘ర్యాట్లర్’ అన్నారు, అంటే గిలక్కాయ. ఎన్‌జీసీ వారి మొదటి పెట్టెలో నాణెం చుట్టూ నలుపు ఉండేది. కొద్ది నెలల్లోనే అది తెలుపుగా మారింది; ఆ నల్లపెట్టె ఈనాడు అపురూపం.

‘మా పెట్టె ఇలా ఉంటుంది’ అని చూపడానికి ప్రదర్శనల్లో పంచిపెట్టినవే నమూనా పెట్టెలు. లోపల చాలావరకు చిల్లర నాణెం, చీటీ మీద ‘శాంపిల్’ అన్న మాట. ఊరికే వచ్చినదాన్ని ఎవరు దాస్తారు? పగలగొట్టారు, పారేశారు. జీడిమెట్ల పారిశ్రామికవాడలో ప్లాస్టిక్ అచ్చుల పని చూసినవారికి ఇది వింతగా తోచదు. అచ్చు మారితే పాత సరుకు పలుకులై మళ్ళీ యంత్రంలోకే పోతుంది.

మన దగ్గర ఈ పరీక్షకు పెట్టె లేదు, షరాబు ఉండేవాడు. 1853లో దివాను అయిన మొదటి సాలార్‌జంగ్ ముద్రణను హైదరాబాదు టంకశాలకు చేర్చకముందు గద్వాల, నారాయణపేట వంటి చోట్ల కూడా రూపాయిలు కొట్టేవారు. ఏది ఎంత మేలిమో సామాన్యుడికి ఎలా తెలుస్తుంది? షరాబు తూచి, మోగించి, గీటుపెట్టి, వట్టం తేల్చేవాడు. తరువాత నాణెం మీదనే ఒక చిన్న గుర్తు, చుక్కో పువ్వో నెలవంకో, కొట్టేవాడు. అదే అతని చీటీ.

ఆ లెక్క ఎంత సూక్ష్మమో చూడండి. నిజాము హాలీ రూపాయి బరువు 11.18 గ్రాములు, వెండి వెయ్యికి 818 పాళ్ళు. ఇంగ్లీషువారి రూపాయి 11.66 గ్రాములు, వెండి 917 పాళ్ళు. అసలు వెండి ఒకదానిలో సుమారు 9.15 గ్రాములు, రెండవదానిలో 10.69. ఏడు హాలీ రూపాయిలకు ఆరు ఇంగ్లీషు రూపాయిలన్న మారకం సరిగ్గా ఇక్కడినుంచే వచ్చింది.

1903లో సైఫాబాదు టంకశాల యంత్రాలు వచ్చాయి. గుండ్రంగా, అంచుకు గీతలతో, చార్మినారు బొమ్మతో రూపాయి తయారైంది. అంచు గీకితే తెలిసిపోతుంది గనుక షరాబు సాక్ష్యంతో మునుపటంత పనిలేకపోయింది. (ఆ టంకశాల 1997లో చర్లపల్లికి తరలింది, పాత భవనంలో 2022లో మ్యూజియం తెరిచారు.)

ఇక నాకు మింగుడుపడని ముక్క. చైనా వర్తకులు వెండి డాలర్ల మీద కొట్టిన గుర్తులను గ్రేడింగు సంస్థలు చరిత్రగా గుర్తిస్తాయి. షరాబు గుర్తున్న మన రూపాయికి మాత్రం చాలాసార్లు దెబ్బతిన్న నాణెమన్న చీటీయే దక్కుతుంది. ఆ చీటీకి భయపడి గుర్తు లేని నాణేలనే ఏరుకునే సేకర్తలున్నారు. గుర్తును అరగదీయించి, నున్నచేసి అమ్మేవారూ ఉన్నారు. ఖాళీ చీటీ లాంటి నమూనా పెట్టెకే అక్కడ చరిత్ర రాసుకుంటుంటే, ఏ గుర్తు ఏ బజారుదో, ఏ షరాబు కుటుంబానిదో మనం రాసిపెట్టుకోకుండానే చెరిపేసుకుంటున్నాం.

నా దగ్గర రెండు హైదరాబాదు రూపాయిలున్నాయి. ఒకదాని మీద మూడు గుర్తులు, మూడూ వేర్వేరు చేతులవి. వాటిని గ్రేడింగుకు పంపలేదు; ఒక్కొక్క గుర్తునూ పెద్దదిగా గీసి, పక్కన కొలత రాసి పెట్టుకుంటున్నాను.