ఆదివారం తలంటు, 21 కిలోమీటర్లు

మా ఇంట్లో ఆదివారం అంటే తలంటు. శనివారం రాత్రే కుంకుడుకాయలు కొట్టి, గింజలు తీసేసి నానబెడతాను. పొద్దున్నే పాపని పీట మీద కూర్చోబెట్టి, తలకి నువ్వులనూనె పట్టించి, అది నానేదాకా కూర్చోబెట్టడమే పెద్ద పని. ఆ కాస్సేపట్లోనే వారం మొత్తం కబుర్లు బయటికొస్తాయి. ఏ టీచర్ తిట్టింది, ఎవరు ఎవరితో మాట్లాడటం మానేశారు, లంచ్ బాక్స్‌లో కూర ఎవరు తినేశారు, అన్నీ. ఎదురెదురుగా కూర్చుని అడిగితే ఒక్కటీ చెప్పదు. నా చేతులు తన తలమీద ఉండాలి, తన మొహం అటు తిరిగి ఉండాలి, అప్పుడు చెబుతుంది.

ఈ వేసవి నుంచి ఆ ఆదివారం పొద్దుటికి ఇంకో హక్కుదారు వచ్చింది. ఆగస్టు చివర్లో మా హైదరాబాద్‌లో జరిగే మారథాన్‌లో హాఫ్‌కి పేరిచ్చాను. వారం మధ్యలో మూడు రోజులు నాలుగైదు కిలోమీటర్లు ఎలాగోలా సర్దుకుంటాను, పిల్లలు లేచేలోపే వచ్చేస్తాను. చిక్కంతా ఆదివారం లాంగ్ రన్‌తోనే. నా నడకలాంటి పరుగుకి కిలోమీటరుకి ఎనిమిది నిమిషాలు పడుతుంది. 14 కిలోమీటర్లంటే దాదాపు రెండు గంటలు. వెళ్ళడం, రావడం, కాళ్ళు సాగదీసుకోవడం, వచ్చాక ఓ పావుగంట కదలకుండా కూలబడటం కలుపుకుంటే ఆ పొద్దు అయిపోయినట్టే.

"ఇక నుంచి నాకు తలంటు ఎవరు పోస్తారమ్మా?" అనడిగింది పాప. నిష్ఠూరంగా కూడా అనలేదు, టైమ్‌టేబుల్ మారితే అడుగుతారే, అలా అడిగింది. మావారు పేపర్లోంచి తలెత్తి "నేను పోస్తాలే" అన్నారు. అప్పుడు పాప మొహం చూడాల్సింది.

నాకేమో జవాబు తట్టలేదు. తప్పు చేస్తున్నానా అనే పురుగు తొలవడం మొదలుపెట్టింది. నాకు ముందు ఈ పని చేసిన అమ్మలు ఎవరైనా ఉండాలి కదా, వాళ్ళేం చేశారో చూద్దామని చదవడం మొదలుపెట్టాను. ఆ చదివిందే మీకు చెబుదామని ఈ పోస్టు.

ముందు ఈ 21 కిలోమీటర్ల సంగతి. లెక్కగా చెప్పాలంటే 21.0975. ఈ తోక ఎక్కడిదా అని చూస్తే నవ్వొచ్చింది. హాఫ్ అంటే మారథాన్‌లో సగం. మారథాన్ 42.195 కిలోమీటర్లు. ఆ అంకె 1908 లండన్ ఒలింపిక్స్‌లో పుట్టింది. ఆ పందెం విండ్సర్ రాజభవనం తోటలో, రాజకుటుంబపు పిల్లల గది కిటికీల కింద మొదలైంది. వేల్స్ యువరాణి మేరీ, ఆవిడ పిల్లలూ అక్కడుండి చూశారు. అక్కణ్ణుంచి స్టేడియానికి 26 మైళ్ళు, లోపలికొచ్చి రాజుగారి కుటుంబం కూర్చునే చోటు ముందు ఆగాలి కాబట్టి ఇంకో 385 గజాలు. 1921లో ఆ దూరాన్నే ఖాయం చేసేశారు. అంటే, ఒక తల్లి తన పిల్లలతో కలిసి చూసిన పందెం కొలతలో సగాన్ని నేను ఆదివారాలు పిల్లల్ని వదిలేసి పరిగెత్తుతున్నానన్నమాట!

అయితే ఆ రోజుల్లో ఆడవాళ్ళు కిటికీ దగ్గర నిలబడి చూడటమే, పరిగెత్తడం లేదు. 1928లో ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో మొట్టమొదటిసారి వాళ్ళకి 800 మీటర్ల పరుగు పెట్టారు. జర్మనీకి చెందిన లీనా రాడ్కే ప్రపంచ రికార్డుతో గెలిచింది. ఫైనల్లో తొమ్మిదిమంది పరిగెత్తితే తొమ్మిదిమందీ పందెం పూర్తిచేశారు. పేపర్లు మాత్రం ఆడవాళ్ళు కుప్పకూలిపోయారని, చూడలేకపోయామని రాశాయి. పందెం చివర్న ఆయాసంతో గడ్డిమీద పడటం మగవాళ్ళు చేస్తే వీరత్వం, ఆడవాళ్ళు చేస్తే ప్రమాదం. ఆ వంకతో ఒలింపిక్స్‌లో ఆడవాళ్ళ 800 మీటర్లు తీసేశారు. మళ్ళీ 1960లో రోమ్‌లో గానీ రాలేదు. 32 ఏళ్ళు! అంతసేపు పరిగెత్తితే గర్భసంచి జారిపోతుందని, పిల్లలు పుట్టరని పెద్దపెద్దవాళ్ళే చెప్పేవారు.

మరి పిల్లలు పుట్టేశాక పరిగెత్తితే? అప్పుడు మాట మారింది. "పిల్లల్నెవరు చూస్తారు?"

ఈ ప్రశ్న ఎక్కువగా తగిలింది ఫానీ బ్లాంకర్స్ కోయెన్‌కి. నెదర్లాండ్స్ ఆవిడ. 18 ఏళ్ళప్పుడు 1936 బెర్లిన్ ఒలింపిక్స్‌కి వెళ్ళి జెస్సీ ఓవెన్స్ దగ్గర ఆటోగ్రాఫ్ తీసుకుంది. తర్వాత యుద్ధం వచ్చింది, రెండు ఒలింపిక్స్ రద్దయ్యాయి. మళ్ళీ 1948లో లండన్‌లో పెట్టేసరికి ఆవిడకి 30 ఏళ్ళు, ఇద్దరు పిల్లలు. వయసైపోయిందని బ్రిటన్ జట్టు మేనేజరే అన్నాడు. సొంత ఊళ్ళోవాళ్ళు ఇంకో అడుగు ముందుకేసి ఉత్తరాలు రాశారు, పిల్లల తల్లివి, ఇంటిపట్టున ఉండక ఈ పొట్టి నిక్కర్లేమిటని. పిల్లలున్న మగవాళ్ళూ ఆ ఒలింపిక్స్‌లో ఆడారు కదా, వాళ్ళకి ఇలాంటి ఉత్తరాలు వెళ్ళుంటాయని నేననుకోను.

ఆవిడ ప్రాక్టీసు వారానికి రెండు మధ్యాహ్నాలేనట. పిల్లల్ని కూడా మైదానానికి తీసుకెళ్ళేదట. ఇది చదివినప్పుడు వారానికి నాలుగు రోజులు చేస్తున్న నాకు కాస్త సిగ్గేసిన మాట నిజం. ఆవిడ పరిగెత్తింది 100, 200 మీటర్లు, నాది గంటల వ్యవహారం అని సర్దిచెప్పుకున్నాను.

లండన్‌లో 100 మీటర్లు గెలిచింది, 80 మీటర్ల హర్డిల్స్ గెలిచింది. ఆ తర్వాత జరిగింది చదివి నేను ఆగిపోయాను. 200 మీటర్లకి ముందు ఆవిడ ఏడ్చేసింది. ఇక నావల్ల కాదు, పిల్లల దగ్గరికి వెళ్ళిపోతానంది. రెండు బంగారు పతకాలు చేతిలో ఉన్నా సరే, బెంగ బెంగే. భర్త యాన్ బ్లాంకర్సే ఆవిడకి కోచ్ కూడా. ఆయన పరిగెత్తి తీరాలని పట్టుబట్టలేదు. ఇష్టం లేకపోతే మానెయ్, కానీ తర్వాత బాధపడతావేమో చూసుకో అన్నాడు. ఏడుపంతా ఏడ్చేసి వెళ్ళి పరిగెత్తింది, రెండో ఆవిడకంటే 0.7 సెకను ముందు గెలిచింది. అంత చిన్న పరుగులో అది చాలా దూరం. నాలుగోది రిలే. దానిరోజు వానకోటు కొనుక్కోవడానికి బజారుకెళ్ళి, కొంచెంలో పందెం తప్పిపోయేదట. ఇదొక్కటి చదవగానే ఆవిడ నాకు బాగా దగ్గరైపోయింది.

నాలుగు బంగారు పతకాలతో ఇంటికెళితే ఇరుగుపొరుగువాళ్ళు సైకిల్ బహుమతిగా ఇచ్చారు, ఇకనైనా ఇంత పరుగెత్తకుండా నిదానంగా తిరగమని. పేపర్లేమో "ఎగిరే గృహిణి" అని పేరుపెట్టాయి. ఆ 'గృహిణి' అనేది పొగడ్తో, దెప్పో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

ఇక దూరపు పరుగుల సంగతి. 1966లో బాబీ గిబ్ అనే అమ్మాయి బోస్టన్ మారథాన్‌కి దరఖాస్తు పెడితే ఆడవాళ్ళ శరీరానికి అది సాధ్యం కాదని ఉత్తరం వచ్చింది. ఆవిడ తమ్ముడి నిక్కరు, పైన హుడీ వేసుకుని, పొదల్లో దాక్కుని, పందెం మొదలవగానే మగవాళ్ళలో కలిసిపోయి 3 గంటల 21 నిమిషాల్లో పూర్తిచేసింది. ఆవిణ్ణి కార్లో తీసుకెళ్ళి దింపింది ఎవరనుకున్నారు? వాళ్ళమ్మ. మరుసటేడు క్యాథరిన్ స్విట్జర్ నంబర్ కట్టుకుని పరిగెత్తడం, నిర్వాహకుడొకాయన దారిలో పట్టుకుని లాగబోవడం, ఆ ఫొటో మీలో చాలామంది చూసే ఉంటారు.

1972లో బోస్టన్‌వాళ్ళు ఆడవాళ్ళని అధికారికంగా ఒప్పుకున్నారు. ఆ మొదటేడు గెలిచింది నీనా కుసిక్, ముగ్గురు పిల్లల తల్లి. అదే ఏడు న్యూయార్క్ మారథాన్‌లో ఆడవాళ్ళు మగవాళ్ళకంటే పది నిమిషాలు ముందు, విడిగా మొదలుపెట్టాలని నియమం పెట్టారు. నీనాతో కలిపి ఆరుగురు తుపాకీ పేలినా కదల్లేదు, గీత దగ్గరే కింద కూర్చున్నారు. పది నిమిషాలూ అట్లా కూర్చుని, మగవాళ్ళ తుపాకీ పేలినప్పుడు లేచి వాళ్ళతోనే పరిగెత్తారు. వాళ్ళ టైముకి పది నిమిషాలు కలిపేశారు, అది వేరే సంగతి. అయినా నీనాయే గెలిచింది. ముగ్గురు పిల్లలున్న తల్లికి పరుగుల రోజున పది నిమిషాలు ఊరికే కూర్చునే అవకాశం దొరకడం కూడా నాకైతే విశేషంగానే కనిపించింది.

మీకి గోర్మన్ కథ నాకు ఇంకా ధైర్యాన్నిచ్చింది. అయిదడుగుల జపనీస్ అమెరికన్. పరుగు మొదలుపెట్టిందే ముప్ఫైల్లో. కాస్త ఒళ్ళు చేయాలని భర్త వ్యాయామానికి చేర్పించాడట. 1974లో బోస్టన్ గెలిచింది, 1975 జనవరిలో ఆడపిల్లని కన్నది. ఆ పాపకి రెండేళ్ళు నిండకముందే, 1976లో న్యూయార్క్ గెలిచింది, 41 ఏళ్ళ వయసులో. 1977లో బోస్టన్, న్యూయార్క్ రెండూ గెలిచింది. ఆవిడ తర్వాత ఇంకో అమెరికా మహిళ న్యూయార్క్ గెలవడానికి 40 ఏళ్ళు పట్టింది. నలభైల్లో మొదలుపెట్టానని మొహమాటపడే నాలాంటివాళ్ళు గుర్తుపెట్టుకోవాల్సిన పేరు.

నార్వే ఇంగ్రిడ్ క్రిస్టియాన్సెన్‌ది ఇంకో దారి. 1983 ఆగస్టులో బాబు పుట్టాడు. అయిదు నెలలకే హ్యూస్టన్ మారథాన్ గెలిచింది, 1985లో లండన్‌లో 2 గంటల 21 నిమిషాల 6 సెకన్లతో ప్రపంచంలోనే ఉత్తమ టైము చేసింది. 13 ఏళ్ళు దాన్నెవరూ దాటలేదు. బయట మోకాలిలోతు మంచు, లోపల చంటిపిల్లాడు. ఆవిడ ఇంట్లోనే ట్రెడ్‌మిల్ పెట్టుకుని చాలా భాగం దానిమీదే సాధన చేసింది. ఇల్లు వదలకుండా మైళ్ళకి మైళ్ళు! మావారు ఇది విని "చూశావా, మనమూ ఒకటి కొందామా" అన్నారు. కొంటే రెండు నెలల తర్వాత దానిమీద బట్టలు ఆరతాయని మా ఇద్దరికీ తెలుసు.

మన దగ్గర పి.టి. ఉషనే చూడండి. 1991లో పెళ్ళి, బాబు. ఇక అయిపోయిందనుకున్నారంతా. 1998లో ఫుకువోకాలో జరిగిన ఆసియా పోటీల్లో 200, 400 రెండింట్లోనూ కంచు పతకాలు తెచ్చింది. వెనక నుంచి ప్రోత్సహించింది భర్త శ్రీనివాసనే.

ఇవన్నీ చదువుతుంటే ఒకటి కనిపించసాగింది. టైములు సెకన్లతో సహా రాసి ఉంటాయి. బూట్లేమిటో, గాలి ఎటు వీచిందో కూడా రాస్తారు. ఆ రెండు గంటలూ పిల్లల్ని ఎత్తుకున్న మనిషికి మాత్రం ఫలితాల పట్టికలో గడి లేదు. అమ్మో, అత్తగారో, భర్తో, పక్కింటావిడో ఎవరో ఒకరు ఉండకపోతే ఈ పరుగుల్లో ఒక్కటీ జరిగేది కాదు. ఇంటిపని చేసేవాళ్ళం కాబట్టి మన కళ్ళు ముందు ఆ ఖాళీ గడి మీదే పడతాయి. నేను వెతికింది "వాళ్ళెలా పరిగెత్తారు" అని కాదనీ, "వాళ్ళ పిల్లలకి తలంటు ఎవరు పోశారు" అనీ అప్పుడు నాకర్థమైంది.

పిల్లలేమనుకున్నారు అన్నదానికి మాత్రం ఒకచోట జవాబు దొరికింది. స్కాట్లాండ్ లిజ్ మెకోల్గన్ 1990 నవంబరులో ఐలిష్‌ని కన్నది. 1991 ఆగస్టులో టోక్యోలో 10,000 మీటర్ల ప్రపంచ ఛాంపియన్ అయింది. 1992లో మొట్టమొదటి ప్రపంచ హాఫ్ మారథాన్ పోటీలు న్యూకాజిల్‌లో పెడితే అదీ తనే గెలిచింది. అప్పటికి పిల్లకి రెండేళ్ళు కూడా నిండలేదు. ఆ పిల్ల పెద్దదై, తల్లి దగ్గరే శిక్షణ తీసుకుని, 2022 కామన్వెల్త్ క్రీడల్లో 10,000 మీటర్లు గెలిచింది. 1986లో తల్లి గెలిచిందీ అదే పందెం. మా పాపకి ఈ కథ చెబితే "నేను మాత్రం పరిగెత్తను" అని ముందే తేల్చి చెప్పేసింది. సరే, పరిగెత్తక్కర్లేదు.

మొన్న ఆదివారం 14 కిలోమీటర్లు. నాలుగింటికి లేచి, నానిన కుంకుడుకాయల గిన్నె పొయ్యి పక్కన పెట్టి, రసం పిసికి వడగట్టమని మావారికి మరోసారి చెప్పి వెళ్ళాను. పదో కిలోమీటరు దాకా కాళ్ళకన్నా మనసే ఎక్కువ బరువుగా ఉంది. తిరిగొచ్చేసరికి ఎనిమిదిన్నర. పాప తలకి తువ్వాలు చుట్టుకుని, కళ్ళు ఎర్రగా చేసుకుని, మంట తగ్గడానికి నోట్లో ఉప్పుగల్లు వేసుకుని కూర్చుంది. బాత్రూమ్ నేలంతా నూనె. మావారి చొక్కా తడిసి ముద్దయింది. వడగట్టడం మర్చిపోయారట, జుట్టునిండా కుంకుడు తొక్కలు.

"చెవుల్లో కూడా నూనె పోశారు నాన్న" అని ఫిర్యాదు చేసింది. నేను పక్కన కూర్చుని ఒక్కొక్క తొక్కా ఏరుతూ, "స్కూల్లో ఏంటి కబుర్లు?" అనడిగాను.

"అన్నీ నాన్నకి చెప్పేశాగా" అంది.

అన్నీ అంటే, వారం రోజులుగా తన ప్రాణస్నేహితురాలితో మాటల్లేవట. ఆ సంగతి మావారు నాకు రాత్రి భోజనాల దగ్గర చెప్పారు. నాకంటే ముందు ఆయనకి తెలియడం కాస్త గుచ్చుకుంది, దాచుకోవడమెందుకు. ఆయనేమో ఆ పిల్ల పేరు, గొడవకి కారణం, ఎవరిది తప్పు అన్నీ పూసగుచ్చినట్టు చెబుతున్నారు. ఇన్నేళ్ళలో ఆయన నోట పాప స్నేహితుల పేర్లు వినడం ఇదే మొదలు.

జడ మాత్రం నేనే వేశాను. వచ్చే ఆదివారం 15 కిలోమీటర్లు.