హుండీ చీటీయు, అరువు పేరును

ధవళేశ్వరమున ఆనకట్ట 1852లో పూర్తియైన పిమ్మట గోదావరి డెల్టాలో పంట పెరిగినది, వర్తకము పెరిగినది. కోరంగి, కాకినాడ రేవులనుండి వేలకొలది జనులు కూలికై రంగూనునకు తరలిపోయిరి. బర్మాలో తెలుగువారికి ‘కోరంగీలు’ అను పేరు వచ్చుటకు ఆ రేవే కారణము.

ఆ కాలమున దూరదేశములకు రొక్కము మోసికొనిపోవుట అపాయకరము. వర్తకులు హుండీని ఆశ్రయించిరి. ఒక పట్టణమున సొమ్ము కట్టి చీటీ పుచ్చుకొనినచో, మరియొక పట్టణమున ఆ చీటీ చూపి సొమ్ము పొందవచ్చును. వీనిలో ‘షాజోగ్’ హుండీ యనునది యొకటి. బజారులో పరువు ప్రతిష్ఠలుగల షావుకారునకే దాని సొమ్ము చెల్లును. ముక్కు మొగము తెలియనివానికి చెల్లదు. అనగా కాగితముకన్న మనిషి గుర్తింపే ముఖ్యమన్నమాట. 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టము సైతము దేశభాషలలో వ్రాసిన హుండీల విషయమున స్థానికాచారమును మన్నించినది.

తరువాతి కాలమున రంగూను దారి మూసికొనిపోయి, గల్ఫు దారి తెరచుకొన్నది. కోనసీమనుండి ఎందరో స్త్రీలు కువైటు మొదలైన దేశములకు ఇండ్లలో పనికై వెళ్లిరి. వారి జీతములు కొన్ని బ్యాంకులద్వారా, కొన్ని హవాలాద్వారా ఇండ్లకు చేరుచు వచ్చినవి. హవాలా పాత హుండీకి దాయాదియే. కాని నేడది చట్టవిరుద్ధము. దానిని వాడినవారిలో పెక్కుమంది కష్టజీవులే యనుటలో సందేహము లేదు. అయినను పేరును, లెక్కయు అడుగని దారి మంచివానికెంత సులువో, హంతకునకును అంతే సులువు.

ఇందుకు ఒక దృష్టాంతము చాలును. 2008 నవంబరు 26న ముంబయిపై ఉగ్రవాదులు దాడి చేసి 166 మందిని బలిగొనిరి. పాకిస్థానునుండి వారిని నడిపించినవారు ఇంటర్నెట్టు టెలిఫోను వాడిరి. ఆ టెలిఫోను ఖాతాకు, దాడికి ముందునాడు, ఇటలీలోని బ్రేషా నగరమునందలి యొక దుకాణమునుండి 229 డాలర్లు చేరినవి. ఆనాటి మారకమున సుమారు 11 వేల రూపాయలు. పంపినవాడని వ్రాసిన పేరు ఇటలీలో ఎన్నడును అడుగిడని వానిది! అతని గుర్తింపును దొంగిలించి, అదే పేరున పెక్కు మార్లు సొమ్ము పంపిరని 2009లో ఇటలీ పోలీసులు వెల్లడించిరి.

ఉగ్రవాదమునకు ధనము చేరకుండ ఐక్యరాజ్యసమితి 1999లో ఒడంబడిక చేసినది. అక్రమ ధన చలామణిని అరికట్టుటకు మన పార్లమెంటు 2002లో చట్టము చేసినది. అది 2005 జులై 1న అమలులోనికి వచ్చినది. కాని చట్టము లెక్కను చూడగలదేగాని, లెక్కలోని పేరు అరువుదైనచో ముందుగా చిక్కువాడు ఆ పేరు కలవాడే.

కనుక మేము మనవి చేయునది యొక్కటే. కమీషను ఆశ చూపి మీ బ్యాంకు ఖాతాను అడుగువారుందురు. ఆధారు నకలు అడిగి, ఎందులకో చెప్పనివారుందురు. అట్టివారికి లేదని చెప్పుడు. ఎదుటివాడెవరో తెలియనిదే సొమ్ము చెల్లింపని నాటి షావుకారు జాగ్రత్త నేడు ప్రతి గృహస్థునకును అవసరము. ఆతడు కాపాడినది తన సొమ్మును. మనము కాపాడవలసినది మన పేరును, ఎక్కడనో ముక్కు మొగమెరుగని వారి ప్రాణములను.