కరెంటు వచ్చిన మొదటి సెకను ఎవరి చేతిలో ఉంది? రైలు సిగ్నల్ నుంచి జీపీఐఓ పిన్ దాకా

ఈరోజు ఒకటే ప్రశ్న. ఆర్డర్ ఇచ్చేవాళ్లు ఎవరూ లేనప్పుడు ఒక మెషీన్ ఏ స్థితిలో ఉండాలి?

రాస్‌ప్‌బెర్రీ పై బోర్డుకి పవర్ ఇచ్చామనుకోండి. మన పైథాన్ ప్రోగ్రామ్ వెంటనే మొదలవదు. ముందు చిప్ రీసెట్, తర్వాత బూట్‌లోడర్, తర్వాత లినక్స్ కెర్నల్, డ్రైవర్లు, అన్నిటికన్నా ఆఖర్లో మన కోడ్. దీనికి చాలా సెకన్లు పడుతుంది. ఈలోపు పిన్‌కి తగిలించిన రిలే, ఆ రిలే వెనకున్న మోటరు ఏం చేస్తుంటాయి?

కంప్యూటర్లు పుట్టకముందే రైల్వే వాళ్లు ఈ ప్రశ్నకి జవాబు కనుక్కున్నారు. కాకపోతే ప్రాణాలు పోయాక.

1876 జనవరి 21, ఇంగ్లండ్‌లో అబాట్స్ రిప్టన్ అనే చోటు. విపరీతంగా మంచు పడుతోంది. అప్పట్లో అక్కడ స్తంభం మీది సిగ్నల్ చెయ్యి మామూలుగా 'పోవచ్చు' అనే స్థితిలోనే ఉండేది. రైలును ఆపాల్సి వస్తేనే మార్చేవాళ్లు. ఆ రోజు మంచు గడ్డకట్టి సిగ్నల్ ఇరుక్కుపోయింది. క్యాబిన్‌లో లివర్ 'ఆగు' అంటోంది, బయట చెయ్యి 'పో' అంటోంది. స్కాట్లండ్ నుంచి వస్తున్న ఎక్స్‌ప్రెస్ బొగ్గు రైలును గుద్దింది. కాసేపటికే ఎదురు లైన్లో వచ్చిన ఇంకో ఎక్స్‌ప్రెస్ ఆ శిథిలాల్లోకి దూసుకొచ్చింది.

ఆ తర్వాత పద్ధతి తిరగబడింది. సిగ్నల్ మామూలు స్థితి 'ఆగు' అయింది. మనిషి లివర్ లాగితేనే 'పో'. మధ్యలో తీగ తెగితే బరువు దిమ్మ చెయ్యిని మళ్లీ 'ఆగు' దగ్గరికే తెస్తుంది. మన ఎలక్ట్రానిక్స్‌లో పుల్‌డౌన్ రెసిస్టర్ చేసే పని ఇదే. ఎవరూ పిన్‌ని పట్టుకోకపోతే దాన్ని మెల్లగా సున్నా వైపు లాగి పెడుతుంది.

ఇప్పుడు మన ఊళ్లకి వద్దాం. గుంతకల్లు నుంచి అప్పటి మైసూరు రాష్ట్ర సరిహద్దు దాకా మీటర్ గేజ్ లైను 1893లో మొదలైంది. ధర్మవరం, పెనుకొండ, హిందూపురం మూడూ దాని మీదే ఉన్నాయి. అంటే అబాట్స్ రిప్టన్ పాఠం నేర్చుకున్న పదిహేడేళ్లకి మనకి రైలొచ్చింది.

మరి సిగ్నల్ 'ఆగు' అంటే చాలా? 2012 మే 22 తెల్లవారుజామున హుబ్లీ నుంచి బెంగళూరు పోతున్న హంపి ఎక్స్‌ప్రెస్, పెనుకొండ దగ్గర ఆగివున్న గూడ్స్‌ను గుద్దింది. సుమారు 25 మంది చనిపోయారు. రైలు ఎర్ర సిగ్నల్ దాటి వెళ్లిందని ప్రాథమిక విచారణలో తేలింది. చూడండి, సిగ్నల్ తన పని చేసింది. కానీ బ్రేక్ పడాలంటే మనిషి స్పందించాలి. అతను స్పందించకపోతే రైలు 'పో' స్థితిలోనే ఉండిపోతుంది. 2020లో జాతీయ వ్యవస్థగా తీసుకున్న 'కవచ్' పూడ్చాలనుకుంటున్నది ఈ ఖాళీనే. డ్రైవర్ ఆపకపోతే అదే బ్రేక్ వేస్తుంది.

బోర్డులోనూ ఇంతే. ఒక్క పిన్ సరిగ్గా ఉంటే సరిపోదు, మొత్తం గొలుసు చూడాలి. రాస్‌ప్‌బెర్రీ పై రీసెట్ అయ్యాక 0 నుంచి 8 దాకా జీపీఐఓ పిన్లు పైకి, 9 నుంచి 27 దాకా కిందికి లాగి ఉంటాయి. పిన్ సున్నాలో ఉంది కదా, సేఫ్ అనుకుంటాం. కానీ మార్కెట్లో దొరికే చాలా రిలే బోర్డులు సున్నా వస్తేనే ఆన్ అవుతాయి! అలాంటి దానికి 'ఆగు' అంటే ఒకటి.

కాబట్టి మూడు అంచెలు పెట్టుకోండి. మొదటిది రెసిస్టర్, ఎందుకంటే దానికి బూట్ అవసరం లేదు. రిలే ఆఫ్‌లో ఉండే వైపుకి లాగేలా పెట్టండి. రెండోది కాన్ఫిగ్ ఫైల్లో జీపీఐఓ లైను. కెర్నల్ కన్నా ముందే ఫర్మ్‌వేర్ దాన్ని చదివి పిన్ని సెట్ చేస్తుంది. మూడోది మన కోడ్.

మన సీమలో బోర్ల దగ్గర ఆటో స్టార్టర్లు చూసే ఉంటారు. మామూలు స్టార్టర్ కరెంటు పోతే పడిపోతుంది, మళ్లీ బటన్ నొక్కేదాకా మోటరు తిరగదు. ఆటో పెడితే కరెంటు రాగానే తిరుగుతుంది. రాత్రిపూట చేనుకు పోయే పని తప్పుతుంది, నిజమే. కానీ మెయిన్ తీయకుండా ఆ సమయంలో ఎవరైనా మోటరు మీద చెయ్యి పెట్టి ఉంటే? స్మార్ట్ పంప్ ప్రాజెక్టు చేసే బీటెక్ తమ్ముళ్లు, చెల్లెళ్లు ముందు ఆలోచించాల్సింది యాప్ డిజైన్ గురించి కాదు, ఆ చెయ్యి గురించి.

టెస్ట్ సింపుల్. మోటరు బదులు చిన్న బల్బు పెట్టండి. పవర్ పదిసార్లు తీసి పెట్టండి. బూట్ అయ్యేలోపు బల్బు ఒక్కసారి మినుక్కుమన్నా మోటరు తగిలించొద్దు.