మహమ్మారి కాలంలో ఆహార రవాణా

బొంబాయిలో 1896లో బయటపడిన ప్లేగును అరికట్టడానికి బ్రిటిష్ ప్రభుత్వం మరుసటి ఏడాది తెచ్చిన అంటువ్యాధుల చట్టం, రైలు ప్రయాణికులను తనిఖీ చేసి, రోగం సోకిందని అనుమానం కలిగినవారిని వేరుగా ఉంచే అధికారాన్ని ప్రభుత్వాలకు ఇచ్చింది. 2020 మార్చి 25న కొవిడ్ కట్టడికి కేంద్రం విపత్తు నిర్వహణ చట్టం కింద దేశమంతటా లాక్‌డౌన్ విధించే నాటికి, ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వాలు ఆ పాత చట్టాన్నే ఆధారం చేసుకొని ఆంక్షలు ప్రకటించి ఉన్నాయి. మనుషులను ఇళ్లలో ఉంచి సరుకును మాత్రం యథావిధిగా నడిపించవచ్చన్న నమ్మకం ఎంతవరకు నిలుస్తుందో ఆ తర్వాతి వారాలు తేల్చి చెప్పాయి.

మొదటి ఉత్తర్వులు బియ్యం, పాలు, కూరగాయలవంటి నిత్యావసరాల రవాణాకు మినహాయింపు ఇచ్చాయి. అయితే లారీ నడవాలంటే డ్రైవరు, క్లీనరు, దారిలో దాబా, పంక్చర్ షాపు, యార్డులో బస్తాలెత్తే హమాలీ అందరూ ఉండాలి. వీరిలో ఎవరు లేకపోయినా పొలంలో పంట, పట్టణంలో గిరాకీ రెండూ ఉండి కూడా సరుకు మధ్యలోనే ఆగిపోతుంది. రాష్ట్రాల సరిహద్దుల్లో లారీలు బారులు తీరాక, నిత్యావసరం, ఇతరం అనే తేడా లేకుండా సరుకులన్నిటి రవాణాకూ మార్చి 29న కేంద్రం అనుమతి ఇచ్చింది.

చిత్తూరు జిల్లా పాల విషయంలో చిక్కు మరో రూపంలో వచ్చింది. రేణిగుంట నుంచి ఢిల్లీకి వెళ్లే పాల ట్యాంకర్లను, అంటే ఒక్కొక్కటి 40,000 లీటర్లు పట్టే రైలు వ్యాగన్లను, అంతకుముందు ప్రయాణికుల ఎక్స్‌ప్రెస్‌లకు తగిలించి పంపేవారు. ఆ రైళ్లు రద్దు కావడంతో పాలకు దారి మూసుకుపోయింది. అందువల్ల దక్షిణ మధ్య రైల్వే మార్చి 26 నుంచి కేవలం పాల కోసమే ‘దూద్ దురంతో’ పేరుతో ప్రత్యేక రైలును హజ్రత్ నిజాముద్దీన్ వరకు సుమారు 2,300 కిలోమీటర్ల దూరం నడిపింది.

సరుకు వెనుక ఉన్న మనుషుల విలువను లింగంపల్లి స్టేషన్ ఒక్క వారంలోనే చూపింది. వలస కూలీలను సొంత ఊళ్లకు చేర్చే శ్రామిక్ రైళ్లలో దేశంలోనే మొదటిది మే 1న ఇక్కడినుంచి ఝార్ఖండ్‌లోని హటియాకు బయలుదేరింది. యాసంగి ధాన్యం ముమ్మరంగా వచ్చిపడుతున్న ఆ రోజుల్లోనే, తెలంగాణ రైస్‌మిల్లుల్లో పనిచేసే బీహార్ హమాలీలు మే 8న ఖగడియా నుంచి రైలులో వచ్చి ఇదే స్టేషన్‌లో దిగారు.

రైతు పంటను దూరపు మార్కెట్లకు చేర్చే కిసాన్ రైలును 2020 ఫిబ్రవరి బడ్జెట్‌లోనే ప్రకటించినా, అది పట్టాలెక్కింది మహమ్మారి నడుమనే. ఆగస్టు 7న మహారాష్ట్రలోని దేవ్‌లాలీ నుంచి మొదటి రైలు, సెప్టెంబరు 9న అనంతపురం నుంచి ఢిల్లీలోని ఆదర్శ్‌నగర్‌కు మరొకటి కదిలాయి; అరటి, అనంతపురంవారు చీనీ అని పిలిచే బత్తాయి ఆజాద్‌పూర్ మండీకి ఈ దారిన చేరాయి. రైళ్లు, అనుమతి పత్రాలు కొన్ని వారాల్లో సమకూర్చుకోగలిగినవే గాని, చెదిరిపోయిన శ్రామికులను తిరిగి కూడగట్టడం అంత సులభం కాదు. కాబట్టి రాబోయే ఏ మహమ్మారికి సిద్ధం చేసే ప్రణాళికలోనైనా సరుకుల జాబితా కంటే ముందు డ్రైవర్లు, హమాలీలు, మెకానిక్కుల తిండికి, వసతికి, వైద్యానికి చోటు ఉండితీరాలి.