డబ్బాలో పొయ్యి

ముందే ఒప్పేసుకుంటున్నా. మొన్న మే నెలలో నా కారు గ్లవ్ బాక్సులో ఒక చిన్న కంప్యూటరు చచ్చిపోయింది. చంపింది నేనే.

అరచేతిలో పట్టే బోర్డు అది. ముందు కెమెరా తీసే వీడియో దాచుకోవడం, పాటలు పెట్టడం, కారు ఆపాక కూడా పార్కింగులో ఎవరన్నా గీరితే రికార్డు చెయ్యడం దాని పనులు. వీకెండ్లలో కూర్చుని కోడు రాసి, వైర్లు కలిపి మరీ తయారు చేసుకున్నా. ఏప్రిల్ దాకా బానే ఉంది. మే వచ్చేసరికి మధ్యాహ్నాలు హ్యాంగ్ అవడం మొదలైంది.

మన బుర్ర ఇంజనీరింగు బుర్ర కదా, వెంటనే పరిష్కారం దొరికింది. శామీర్‌పేట దగ్గర తుర్కపల్లిలో వాక్సిన్లు తయారుచేసే చోట పనిచేసే స్నేహితుడొకడు ఉన్నాడు. వాడి దగ్గర్నుంచి చిన్న థర్మోకోల్ డబ్బా ఒకటి, ఒక జెల్ ప్యాకు తెచ్చుకున్నా. బోర్డుని డబ్బాలో పెట్టి, పక్కన గడ్డకట్టిన జెల్ ప్యాకు పెట్టి, మూతకి టేపు వేసేశా. పొద్దున్న ఎనిమిదిన్నరకి మేడ్చల్లో బయలుదేరి, తుర్కపల్లిలో పని ఉంటే వెళ్ళి, కారు ఎండలో పెట్టా. సాయంత్రం వచ్చి చూస్తే జెల్ ప్యాకు చెమట పట్టి డబ్బా అడుగంతా తడి, బోర్డు నోరు మెదపట్లేదు. లాగ్ ఫైల్లో చివరి లైను మధ్యాహ్నం రెండు దాటాక. అప్పటికి చిప్పు వేడి 85 డిగ్రీలు.

స్నేహితుడికి చూపిస్తే పడీ పడీ నవ్వాడు. "అరేయ్, మా డబ్బాల మంచుగడ్డ ఉంటది. నీ డబ్బాల పొయ్యి ఉన్నది. పొయ్యి మీద మూత పెట్టి సల్లగుండమంటే ఎట్లుంటది రా?" అన్నాడు.

ఇంటికొచ్చి లెక్క వేశా. నా బోర్డు 5 వాట్లు తింటుంది. అంటే సెకనుకి 5 జౌళ్ళ వేడి. 200 గ్రాముల మంచు కరగడానికి సుమారు 67 వేల జౌళ్ళు కావాలి. అంటే బయటి ఎండని పూర్తిగా మర్చిపోయినా, ఒక్క బోర్డే ఆ మంచుని నాలుగు గంటల్లోపు మింగేస్తుంది. ఆ తర్వాత మిగిలేది రెండు సెంటీమీటర్ల థర్మోకోల్ గోడ. అంత చిన్న డబ్బాలో 5 వాట్లు పోస్తూ ఉంటే, లోపల బయటికన్నా 35, 40 డిగ్రీలు ఎక్కువ ఉంటుంది. అంత దాకా అది చేరకముందే బోర్డు పని అయిపోయింది.

ఆ సిగ్గుతో పాత సంగతులన్నీ తవ్వడం మొదలుపెట్టా. చూస్తే, కార్లో ఎలక్ట్రానిక్సు చరిత్ర అంతా ఈ పొయ్యి చరిత్రే.

1930లో అమెరికాలో పాల్ గాల్విన్ కంపెనీ మోటరోలా పేరుతో కారు రేడియో అమ్మింది. అప్పట్లో రేడియో అంటే వాక్యూమ్ ట్యూబులు. ట్యూబు పని చెయ్యాలంటే లోపల ఒక తీగ ఎర్రగా కాలాలి. అంటే వేడి అక్కడ పొరపాటున వచ్చేది కాదు, అది లేకపోతే రేడియోయే లేదు.

తర్వాత ట్రాన్సిస్టరు వచ్చింది. 1955లో క్రిస్లర్, ఫిల్కో కలిసి ట్యూబులు అస్సల్లేని కారు రేడియో ప్రకటించాయి. కాలే తీగ పోయింది, సంతోషం. కానీ ఆ రోజుల ట్రాన్సిస్టర్లు ఎక్కువగా జెర్మేనియంతో చేసినవి. దానికో రోగం ఉంది. వేడెక్కే కొద్దీ అనవసరంగా కారే కరెంటు పెరుగుతుంది, ఆ కరెంటు వల్ల ఇంకా వేడెక్కుతుంది, ఇంకా కారుతుంది. ఆపేవాడు లేని రికర్షన్ అన్నమాట.

దీనికి మందు అప్పటికే తయారైంది. 1954 మే నెలలో టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్‌కి చెందిన గోర్డన్ టీల్ ఒక సభలో రికార్డు ప్లేయరు పెట్టి, దాని జెర్మేనియం ట్రాన్సిస్టర్లని కాగే నూనెలో ముంచాడు. పాట ఆగిపోయింది. సిలికాన్ ట్రాన్సిస్టర్లు పెట్టి మళ్ళీ నూనెలో ముంచాడు, పాట ఆగలేదు. మిరపకాయ బజ్జీలు వేసే నూనెలో పాడే చిప్పు! ఈ రోజు మనందరం తింటున్న అన్నం ఆ నూనెలోంచే వచ్చిందంటే అతిశయోక్తి కాదేమో.

మరి ఏసీ ఉందిగా అంటారా? 1940 మోడల్ ప్యాకర్డ్ కారుకి మొదటిసారి ఫ్యాక్టరీ ఏసీ ఇచ్చినప్పుడు, ఆ యంత్రం వెనక డిక్కీలో చాలా భాగం ఆక్రమించేది. ఏసీ చిన్నదై డాష్‌బోర్డులోకి వచ్చింది గానీ ఒక విషయం మారలేదు. అది మనుషుల కోసం పెట్టింది, మనిషి దిగి ఇంజను ఆపితే అదీ ఆగుతుంది. ఎండలో ఆపిన కార్ల మీద అమెరికాలో 2005లో ఒక అధ్యయనం వచ్చింది. గంటలో లోపల సుమారు 22 డిగ్రీలు పెరిగింది, అందులో 80 శాతం మొదటి అరగంటలోనే. అద్దాలు కొంచెం దింపి ఉంచినా పెద్ద తేడా లేదు. నా బోర్డు రికార్డింగు మొదలుపెట్టేది సరిగ్గా ఆ అరగంటలోనే!

మరి కారు కంపెనీలు ఏం చేశాయి? 1967లో ఫోక్స్‌వాగన్ 1600లో బాష్ వాళ్ళ ఎలక్ట్రానిక్ ఇంధన ఇంజెక్షన్ వచ్చింది. మన దగ్గర 2000 నుంచి పొగ నిబంధనలు బిగుస్తూ ఉంటే కార్బురేటర్లు పోయి ఇంజన్ కంప్యూటర్లు మామూలైపోయాయి. వాటిల్లో చాలావాటిని దుమ్మూ నీళ్ళూ పోకుండా మూసేసిన అల్యూమినియం పెట్టెలో పెడతారు. వేడెక్కే చిప్పులు లోపలి గోడకి ఆనుకుని ఉంటాయి, పెట్టెకి బయట రెక్కలుంటాయి. అంటే పెట్టె మూసే ఉంది, వేడికి మాత్రం దారి ఉంది. దానికి తోడు 1990ల మొదట్లో క్రిస్లర్, ఫోర్డ్, డెల్కో కలిసి కార్లలో వాడే చిప్పులకి వేరే పరీక్షలు పెట్టాయి. మామూలు చిప్పుకి 70 డిగ్రీలు హద్దయితే, కార్ల చిప్పుల్లో 125 దాకా తట్టుకునేవి ఉన్నాయి. నేను పెట్టింది టేబుల్ మీద ఉండాల్సిన బోర్డు.

ఇప్పుడు నా స్నేహితుడి డబ్బా సంగతికొద్దాం. దాని చరిత్ర మా ఊరిదే.

1993లో వరప్రసాద్ రెడ్డి గారు శాంతా బయోటెక్నిక్స్ మొదలుపెట్టారు. ఆయన చదివింది ఎలక్ట్రానిక్స్ ఇంజనీరింగే! ఉస్మానియా యూనివర్సిటీలో, తర్వాత సీసీఎంబీలో పరిశోధన సాగింది. 1997 ఆగస్టులో షాన్‌వాక్-బి అనే హెపటైటిస్-బి వాక్సిన్ వచ్చింది. ఫ్యాక్టరీ మేడ్చల్లో. అంతకుముందు విదేశీ వాక్సిన్ డోసుకి వందల రూపాయలయ్యేది, వీళ్ళు వచ్చాక ధర దిగొచ్చింది. తర్వాత శామీర్‌పేట వైపు జీనోమ్ వ్యాలీ పెరిగింది. 2021లో కోట్ల మంది వేయించుకున్న కోవాక్సిన్ అక్కడి భారత్ బయోటెక్‌దే.

ఈ వాక్సిన్లు 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. సీసాలో పొయ్యి లేదు, వేడి బయట్నుంచే రావాలి. అందుకే అక్కడ థర్మోకోల్ దేవుడు. అలా అని ఎంత చల్లగా ఉంటే అంత మంచిదీ కాదు. హెపటైటిస్-బి వాక్సిన్ గడ్డకడితే పాడైపోతుంది. అందుకని ఐస్ ప్యాకుని ఫ్రీజర్లోంచి తీసిన వెంటనే పెట్టరు. బయట ఉంచి, ఊపితే లోపల నీళ్ళ చప్పుడు వినపడ్డాకే పెడతారు. నేనైతే ఫ్రీజర్లోంచి తీసి నేరుగా పెట్టా :)

అన్నిటికన్నా నన్ను ఆపేసిన విషయం ఇంకోటి. నా బోర్డు చస్తే నాకు తెలిసింది. పాడైన వాక్సిన్ చాలాసార్లు చూడ్డానికి మామూలుగానే ఉంటుంది. సూది గుచ్చుతారు, బిడ్డ ఏడుస్తుంది, తల్లి నిశ్చింతగా ఇంటికెళ్తుంది. రక్షణ రాలేదని ఎవరికీ తెలీదు. అందుకే 1996 నుంచి పోలియో చుక్కల సీసాల మీద ఒక స్టిక్కరు వస్తోంది. సీసా తిన్న వేడినంతా కూడుకుంటూ మధ్యలో చదరం నల్లబడుతుంది. చుట్టూ ఉన్న వలయం రంగుకి చేరితే పారెయ్యాలి. బ్యాటరీ లేదు, కోడు లేదు, చెరపడానికి వీల్లేని లాగ్ ఫైలు. 2015 నుంచి మన దేశంలో ఈ-విన్ వచ్చి, వాక్సిన్ ఫ్రిజ్‌ల ఉష్ణోగ్రతని సెన్సార్లు మొబైల్ నెట్‌వర్కు మీద పంపుతున్నాయి. అది మనలాంటి వాళ్ళు రాసే కోడే.

మేం పనిలో రోజూ చేసేదీ ఇదే కదా. ఎవరిదో డబ్బా బావుందని తెచ్చుకుంటాం, వాళ్ళ వేడి ఎట్నుంచి వస్తోందో, మన వేడి ఎట్నుంచి వస్తోందో అడగం.

కొత్త బోర్డు కొన్నాను. ఈసారి అల్యూమినియం పెట్టెలో, చిప్పు గోడకి ఆనేలా పెట్టి, పెట్టెని గ్లవ్ బాక్సు వెనక ఇనప పట్టీకి బిగించా. 75 డిగ్రీలు దాటితే దానంతటదే ఆగిపోతుంది, కారు ఆపితే రికార్డింగు పది నిమిషాలే. పార్కింగులో ఎవడన్నా గీరితే గీరుకోనీ అనుకున్నా.

థర్మోకోల్ డబ్బా వాపసు ఇచ్చేశా. వాడు మూత తీసి లోపల చెయ్యి పెట్టి చూసి, "ఇంకా ఎచ్చగనే ఉన్నది రా" అన్నాడు.