ఒంటెల సంతలో షేర్ల బేరం

శుక్రవారం సెలవు కదా, పోస్టు కొంచెం పెద్దది. ఓపిగ్గా చదవండి.

ఈమధ్య మన రూముల్లో రాత్రి అన్నాలు తిన్నాక అందరి ఫోన్లలో షేర్ల యాపులే. "అన్నా, ఇది కొను, నెలలో డబలు" అని గ్రూపులో ఎవరో పెడతారు. ఆ కంపెనీ ఏం చేస్తాది అంటే చెప్పేవాళ్ళు లేరు. మేమూ అట్లా కొని రెండు నెలల జీతం పోగొట్టుకున్నవాళ్ళమే. అందుకే మనం ఉంటున్న ఈ కువైట్‌లోనే జరిగిన కథ చెప్తున్నాం.

సిటీలో సూక్ అల్ మనాఖ్ అని ఒక బజారు ఉండేది. మనాఖ్ అంటే ఒంటెలు మోకాళ్ళు మడిచి కూర్చునే చోటు. ఒకప్పుడు అక్కడ ఒంటెల బేరాలు జరిగేవి. తర్వాత అదే చోట షేర్ల బేరాలు మొదలైనాయి.

1977లో అసలు మార్కెట్ పడిపోతే ప్రభుత్వమే షేర్లు కొని జనాన్ని ఆదుకుంది. కొత్త కంపెనీలకు నిబంధనలు బిగించింది. దాంతో బేరాలు మనాఖ్‌కి మళ్ళినాయి. అక్కడ అమ్మింది ఎక్కువగా బహ్రెయిన్‌లో, ఎమిరేట్స్‌లో రిజిస్టరైన కంపెనీల షేర్లు. చాలావాటికి చెప్పుకోదగ్గ వ్యాపారమే లేదు. కొన్ని కంపెనీలు తమ డబ్బుతో వేరే షేర్లు కొని, ఆ ధర పెరిగితే దాన్నే లాభమని చూపించినాయి.

కొనేవాళ్ళు నగదు ఇచ్చేవాళ్ళు కాదు. కొన్ని నెలల తర్వాతి తేదీ వేసి చెక్కు రాసిచ్చేవాళ్ళు. అప్పటికి షేరు పెరుగుతాది, అమ్మి కడదామని ధీమా. 1982 ఆగస్టులో చెక్కులు చెల్లక బజారు కూలింది. లెక్క తీస్తే దాదాపు 29,000 చెక్కులు, 9,400 కోట్ల డాలర్లు! దేశం ఏడాది సంపాదనకు కొన్ని రెట్లు. వాణిజ్య బ్యాంకుల్లో నేషనల్ బ్యాంక్ ఆఫ్ కువైట్ ఒక్కటే సొంత కాళ్ళ మీద నిలబడింది.

చదువుకున్నవాళ్ళు, డబ్బున్నవాళ్ళు చేసిన తప్పు ఒక్కటే. ధర చూశారు, కంపెనీని చూడలేదు.

మన ఊరి సంతలో ఎద్దును కొనాలంటే నోరు తెరిచి పళ్ళు చూస్తాం, నడిపించి చూస్తాం. షేరుకూ అంతే. కంపెనీ ఏం అమ్మి సంపాదిస్తాంది? లాభం కాగితం మీదేనా, నగదు చేతికొస్తాందా? అప్పెంత, వడ్డీ కట్టినాక మిగిలేదెంత? యజమానులు తమ షేర్లు తాకట్టు పెట్టినారా? ఇవన్నీ చూసినాకే ధర సంగతి.

ఇండియా మార్కెట్‌లో లిస్టయిన కంపెనీల వివరాలన్నీ ఎన్‌ఎస్‌ఈ, బీఎస్‌ఈ సైట్లలో ఉచితంగా దొరుకుతాయి. రిపోర్టు ఇంగ్లీషులో ఉంటే, చదువుకున్న తమ్ముణ్ణి ఎవరినైనా పక్కన కూర్చోబెట్టుకోండి. రెండు శుక్రవారాలు పట్టొచ్చు. పట్టనీయండి. ఎండలో సంపాదించిన దినార్లు అవి.